ఫ్లోరిడా కొండచిలువ వేట రూల్స్, మన కాలువ గట్టు మీది కొండచిలువ

వరి కోతలు మొదలైతే చాలు, మిర్యాలగూడ నుంచి మక్తల్ దాకా వాట్సాప్ గ్రూపుల్లో కొండచిలువ వీడియోలు తిరుగుతాయి. హార్వెస్టర్ ముందు బయటపడ్డదని ఒకటి, కాలువ తూములో ఇరుక్కుందని ఒకటి, మేకపిల్లను మింగి కదల్లేక పడి ఉందని ఇంకొకటి. ఎవరో ఒకరు దాని కింద ఫ్లోరిడా వీడియో తెచ్చి పెడతారు. అందులో పది పన్నెండు అడుగుల పామును భుజాన వేసుకుని నవ్వుతున్న మనిషి, పక్కన బహుమతి చెక్కు. ఇక చర్చ మొదలు: "అమెరికాల చంపితే పైసలిస్తరు, ఇక్కడ చంపితే జైల్ల పెడ్తరు, ఇదేం న్యాయం?" అడగాల్సిన ప్రశ్నే ఇది. జవాబు కోసం కాస్త లోపలికి వెళితే, చంపడానికి ముందు ఫ్లోరిడా వాళ్లు తమకు తాము పెట్టుకున్న నిబంధనలు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. వీడియోల్లో కనిపించేది పాము, చెక్కు మాత్రమే.

ముందు అక్కడి కథ. ఎవర్‌గ్లేడ్స్ అంటే ఫ్లోరిడా దక్షిణ కొసన గడ్డి మధ్యలోంచి నెమ్మదిగా పారే నీళ్ల నేల. అందులో జాతీయ పార్కు ఒక్కటే దాదాపు 6,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన అమ్రాబాద్ టైగర్ రిజర్వుకు రెండింతల కంటే ఎక్కువ. ఆ నీళ్లలో తిరుగుతున్నది బర్మా కొండచిలువ. దాని సొంత ఊరు ఆగ్నేయాసియా, అమెరికాకు వచ్చింది పెంపుడు జంతువుల వ్యాపారంలో. చిన్నగా ఉన్నప్పుడు ముచ్చటపడి కొన్నారు, ఎనిమిది పది అడుగులయ్యాక సాకలేక తీసుకెళ్లి చిత్తడిలో వదిలేశారు. 1992లో ఆండ్రూ తుఫానుకు పాముల పెంపకం కేంద్రం ఒకటి కూలిపోయి మరికొన్ని బయటపడ్డాయని కూడా చెబుతారు. పార్కులో మొదటిసారి దీన్ని నమోదు చేసింది 1979లో, అక్కడే సంతతిని పెంచుకుంటూ స్థిరపడిపోయిందని ఒప్పుకున్నది 2000లో. మధ్యలో ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. 2012లో అచ్చయిన ఒక అధ్యయనంలో రోడ్ల వెంట రాత్రిపూట జంతువులను లెక్కపెట్టి పాత లెక్కలతో పోల్చారు. రకూన్లు, ఒపోసమ్‌లు అక్కడి చిన్న అడవి జంతువులు. రకూన్లు కనిపించడం 99.3 శాతం పడిపోయింది, ఒపోసమ్‌లు 98.9 శాతం, బాబ్‌క్యాట్ అనే అడవి పిల్లులు 87.5 శాతం తగ్గాయి. చిత్తడి కుందేళ్లయితే అసలు కనిపించనే లేదు.

మన కొండచిలువ దీనికి దగ్గరి చుట్టమే. ఎంత దగ్గరంటే, 2018లో ఫ్లోరిడా పాముల జన్యువులను పరీక్షించినప్పుడు సుమారు 400 పాముల్లో 13 పాములకు మన భారతీయ కొండచిలువ జన్యువులు కూడా దొరికాయి. చుట్టరికం ఉన్నా రెండింటి పరిస్థితి ఒకటి కాదు. నల్లమలలో, కృష్ణ బ్యాక్‌వాటర్ ఒడ్డున, డిండి వైపు గుట్టల్లో ఉండే కొండచిలువ ఇక్కడ పుట్టిందే, ఎలుకలూ కుందేళ్లూ పక్షులూ దానితో పాటే లక్షల ఏళ్లు బతికాయి. అది వాటిని తింటుంది, అయినా అవి పోలేదు. ఫ్లోరిడాలో ఆ జంతువులకు ఇంత పెద్ద పాము అంటే ఏమిటో తెలియదు, పాము పిల్లలను అదుపులో పెట్టే శత్రువులూ సరిపోలేదు. ఈ తేడా అర్థం కాకపోతే మిగతా చర్చంతా దారి తప్పుతుంది.

ఇక నిబంధనలు. మొదటిది, ఎక్కడ చంపొచ్చు అనేది. ఫ్లోరిడాలో కొండచిలువను ఎవరైనా ఎక్కడైనా చంపొచ్చు అనేది సగం నిజం. ప్రైవేటు భూమిలో దాని యజమాని ఒప్పుకుంటే చంపొచ్చు. రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ చేతిలో ఉన్న 32 అటవీ, చిత్తడి ప్రాంతాల్లో వేట లైసెన్సు లేకుండా ఏడాది పొడుగునా చంపొచ్చు. జాతీయ పార్కు లోపల మాత్రం మామూలు మనిషి పామును ముట్టుకోవడానికి కూడా లేదు. అక్కడ పార్కు వాళ్లు అనుమతి ఇచ్చిన వాళ్లకే ఆ పని. మిగతావాళ్లు కనిపిస్తే ఫొటో తీసి, చోటు గుర్తు పెట్టుకుని, సమాచారం ఇవ్వాలి. విచిత్రంగా అనిపిస్తుంది. పాములు ఎక్కువగా ఉన్న చోటే, కాపాడాల్సిన జంతువులు ఎక్కువగా ఉన్న చోటే, చేతులు తక్కువగా ఉండాలట. అక్కడ కూడా చాలామంది సణిగేది దీని గురించే.

అయినా ఇది సరైన నిబంధనే. రక్షిత చిత్తడి నేలలోకి వంద మంది దిగితే వాళ్ల కాళ్ల కింద నలిగేది కొండచిలువ కాదు, అది అప్పటికే గడ్డిలోకి జారుకుంటుంది. నలిగేది కొంగల గూళ్లు, మొసలి గుడ్లు, నీటి మొక్కలు. పామును పట్టుకోవడానికి వెళ్లినవాడు దారి తప్పితే వాడిని వెతకడానికి ఇంకో పాతిక మంది దిగాలి. పైగా ఎవరు ఎక్కడ ఏం చేశారో జవాబు చెప్పే మనిషి లేకపోతే "పాము కోసం వచ్చాను" అనేది ప్రతి వేటగాడికీ మంచి సాకు అయిపోతుంది. మన దగ్గర పులుల అడవిలోకి తునికాకు పేరుతోనో ఇప్పపూల పేరుతోనో ఉచ్చులు మోసుకెళ్లిన సంగతులు తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

రెండో నిబంధన గుర్తింపు. అన్నిటికంటే బరువైనది ఇదే. ఫ్లోరిడాలో ఏటా జరిగే పైథాన్ ఛాలెంజ్ పోటీలో పాల్గొనాలంటే ముందు ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేయాలి, అందులో పెద్ద భాగం ఏది బర్మా కొండచిలువ, ఏది కాదు అనేదే. అక్కడి గోధుమరంగు నీటిపాము ఒంటి మీద కూడా మచ్చలుంటాయి, భయంలోనో ఆత్రంలోనో చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. స్థానిక పామును చంపినవాళ్లను పోటీ నుంచి తీసేస్తారు. బయటి పామును తీసేయడానికి వెళ్లి సొంత పామును చంపితే చేసిన పని తిరగబడినట్టే కదా.

మన దగ్గర గుర్తింపు ఇంకా ప్రమాదకరమైన విషయం, ఎందుకంటే ఇక్కడ పొరపాటు పడితే పోయేది మనిషి ప్రాణం. కొండచిలువ పిల్ల అనుకుని రక్తపింజరను చేత్తో ఎత్తినవాళ్లు ఉన్నారు. రెండూ మందంగా ఉంటాయి, రెండింటికీ గోధుమరంగు మచ్చలుంటాయి, రెండూ వెంటనే పారిపోకుండా చుట్ట చుట్టుకుని పడుకుంటాయి. జాగ్రత్తగా చూస్తే రక్తపింజర వీపు మీద గొలుసు కట్టినట్టు మూడు వరుసల కోలగుండ్రని మచ్చలు, వాటి చుట్టూ నల్లని అంచు కనిపిస్తాయి. పొలుసులు గరుకుగా ఉంటాయి, కదిలిస్తే కుక్కర్ విజిల్‌లా గట్టిగా బుస కొడుతుంది. కొండచిలువ మచ్చలు ఒక తీరున ఉండవు, ఒళ్లు నున్నగా మెరుస్తుంది, తల మీద బాణం ములికి లాంటి గుర్తు ఉంటుంది. ఇవన్నీ పుస్తకంలో చదివినప్పుడు తేలికే. సాయంత్రం ఏడు గంటలకు, వరి కొయ్యకాళ్లలో, సెల్‌ఫోన్ లైటు కింద, చుట్టూ యాభై మంది అరుస్తుంటే తేలిక కాదు. అందుకే తెలిసినవాడు అన్న పేరు ఒక్కటే ఉంటే చాలదు, శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, కాగితం మీద అనుమతి ఇచ్చిన మనిషే ఉండాలి.

మూడోది, ప్రాణంతో తరలించకూడదు. ఫ్లోరిడాలో పర్మిట్ లేకుండా బతికున్న బర్మా కొండచిలువను బండిలో వేసుకుని వెళ్లడం నేరం. 2012లోనే అమెరికా కేంద్ర ప్రభుత్వం దీన్ని హానికర జాతుల జాబితాలో చేర్చింది, 2021లో ఫ్లోరిడా రాష్ట్రం నిషిద్ధ జాబితాలోకి మార్చింది. కారణం సులభం. సంచిలోంచి తప్పించుకున్న ఒక్క ఆడ పాము ఇంకో చోట కొత్త సంతతిని మొదలుపెట్టగలదు. అది పెట్టే గుడ్లు మామూలుగా యాభై నుంచి వంద. నైరుతి ఫ్లోరిడాలో పట్టుబడిన ఒక ఆడ పాము దాదాపు 98 కిలోల బరువు తూగింది, దాని కడుపులో ఎదుగుతున్న గుడ్లు 122 ఉన్నాయని 2022లో ప్రకటించారు. ఇంట్లో చూపించడానికనో, స్నేహితుడి దగ్గర ఫొటో దిగడానికనో ఇలాంటి పామును అరవై కిలోమీటర్లు మోసుకెళ్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

నాలుగోది చంపే పద్ధతి. దీని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు, మాట్లాడాలి. పరాయి జాతి అయినంత మాత్రాన ఆ పాముకు నొప్పి తక్కువ కాదు. అది అక్కడికి తనంతట తాను రాలేదు, మనుషులే తెచ్చారు. ఫ్లోరిడా చట్టంలో బర్మా కొండచిలువకు వన్యప్రాణి రక్షణ లేదు కానీ జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిషేధించే చట్టం దానికీ వర్తిస్తుంది. 2013లో మొదటి పోటీ పెట్టినప్పుడు తల నరికి చంపడం మీద పెద్ద వివాదం రేగింది. పాముల్లాంటి సరీసృపాల మెదడు ఆక్సిజన్ తక్కువైనా చాలాసేపు పనిచేస్తుంది, తల తెగినా వెంటనే స్పృహ పోదు. కాబట్టి అమెరికా పశువైద్యుల సంఘం మార్గదర్శకాల ప్రకారం రెండు దశలుండాలి. మొదట ఒక్క దెబ్బకు స్పృహ పోవాలి, ఆ వెంటనే మెదడును పూర్తిగా నాశనం చేయాలి. ఫ్రీజర్‌లో పెట్టి చంపడానికి అనుమతి లేదు. క్రూరంగా చంపినట్టు తేలితే పోటీ నుంచి బయటకు పంపుతారు. పామును చూడగానే కర్రలతో పది మంది కలిసి కొట్టడం, కొట్టాక కిరోసిన్ పోసి కాల్చడం అలవాటైన చోట ఈ నిబంధన చదవడానికి వింతగా ఉండొచ్చు, కానీ చంపక తప్పని పరిస్థితిలో కూడా చంపే చేతికి హద్దు ఉండాలన్న మాట ఇందులో ఉంది.

ఐదోది లెక్క. పోటీలో చంపిన పామును 24 గంటల్లోపు చెక్ స్టేషన్‌లో అప్పగించాలి. అక్కడ పొడవు కొలుస్తారు, ఏ చోట దొరికిందో నమోదు చేస్తారు. 2017లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమాల్లో పట్టేవాళ్లకు గంటల లెక్కన కూలి ఇస్తారు, దాని మీద పాముకు బోనస్: మొదటి నాలుగు అడుగులకు 50 డాలర్లు, ఆపై ప్రతి అడుగుకు 25, గుడ్లున్న గూడు చూపిస్తే 200. ఇక్కడ గమనించాల్సింది గంటల కూలి. ఏమీ దొరకని రాత్రికి కూడా డబ్బు ఎందుకు ఇస్తారు? ఎందుకంటే ఏ దారిలో ఎన్ని గంటలు వెతికితే ఒక పాము దొరికిందో తెలిస్తేనే పాములు తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా అని చెప్పగలం. "ఈసారి 200 దొరికాయి" అంటే పాములు ఎక్కువయ్యాయని కావచ్చు, వెతికినవాళ్లు ఎక్కువయ్యారని కూడా కావచ్చు. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన రాత్రి రికార్డు కూడా పాము దొరికిన రాత్రి రికార్డుతో సమానమే. స్వచ్ఛందంగా పనిచేసే ఎవరికైనా ఇది మింగుడుపడని విషయం, ఎందుకంటే ఫొటో పెట్టడానికి అందులో ఏమీ ఉండదు.

మరి ఇన్ని చేసినా ఫలితం ఎంత? 2013 పోటీకి సుమారు 1,600 మంది వచ్చారు, దొరికిన పాములు 68. 2025లో 934 మంది 294 పట్టారు, ఆ ఏడాదే మొదటిసారి జాతీయ పార్కును కూడా పోటీలో ఒక ప్రాంతంగా చేర్చారు. 2000 నుంచి ఇప్పటిదాకా తీసేసిన పాములు 23,000 దాటాయి. సంఖ్య పెద్దదే కానీ శాస్త్రవేత్తల అంచనా ప్రకారం పాము ఉన్న చోటికి మనిషి వెళ్లినా అది కంటపడే అవకాశం ఒక శాతం కంటే తక్కువ. మన దగ్గర సర్కారు తుమ్మను పైపైన కొట్టేసి చెరువు బాగుపడింది అనుకున్నట్టే ఇది కూడా, వేరు లోపలే ఉంటుంది. అందుకే కొన్నేళ్లుగా మగ పాములకు రేడియో ట్రాన్స్‌మీటర్లు అమర్చి వదులుతున్నారు. జత కట్టే కాలంలో అవి ఆడ పాముల దగ్గరికి దారి చూపిస్తాయి. పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవిలోనూ ఇలాంటి కథే. గోధుమరంగు చెట్టుపాము రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఓడ సరుకులతో వచ్చి, అక్కడి 12 అడవి పక్షి జాతుల్లో 10 జాతులను దీవిలో లేకుండా చేసింది. అక్కడ మనుషులు చేత్తో పట్టడం కుదరదు కాబట్టి 80 మిల్లీగ్రాముల పారాసెటమాల్ పెట్టిన చచ్చిన ఎలుకలను చెట్ల మీదికి వేస్తున్నారు. మనం జ్వరానికి వేసుకునే మందే ఆ పాముకు విషం.

ఫ్లోరిడా వాళ్లకు మన వైపు నుంచి వెళ్లిన సాయం ఒకటుంది, అది తప్పక చెప్పాలి. 2017లో తమిళనాడు ఇరులర్ గిరిజనులు ఇద్దరు, మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్, అక్కడికి వెళ్లి రెండు వారాలు తిరగకముందే 13 కొండచిలువలను పట్టారు. అందులో ఒకటి పదహారు అడుగుల ఆడ పాము. 2023లో వాళ్లిద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ల చేతిలో యంత్రాలేమీ లేవు, నేల మీద జాడ, విసర్జించిన మలం, గడ్డి వంగిన తీరు చూసి పాము ఎటు పోయిందో చెప్పగల చూపు ఉంది. నల్లమల చెంచులకు అడవి జాడల మీద ఉన్న పట్టు తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. అలాంటి తెలివిని గౌరవంగా, జీతం ఇచ్చి వాడుకోవడం మన అటవీ శాఖకూ అవసరమే.

ఇప్పుడు మన చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కొండచిలువ మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులి ఉన్న షెడ్యూల్ అది. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం, ఉచ్చు వేయడం కూడా వేటే. 2022 సవరణ తర్వాత మొదటి షెడ్యూల్ జంతువు విషయంలో శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. కాబట్టి గట్టు మీద దొరికిన కొండచిలువను మెడలో వేసుకుని రీల్ తీసి, తర్వాత అడవిలో వదిలేశాను కదా అంటే చట్టం ఒప్పుకోదు. మంచి ఉద్దేశంతో చేసినా అనుమతి లేకుండా పట్టుకోకూడదు. అదే సవరణలో కొత్తగా చేర్చిన 62ఏ సెక్షన్ ప్రకారం పరాయి దురాక్రమణ జాతుల దిగుమతి, అమ్మకం, పెంపకం, వ్యాప్తిని కేంద్రం నియంత్రించవచ్చు, నిషేధించవచ్చు. అంటే మన దేశంలో కూడా పరాయి జాతిని తొలగించడానికి చట్టంలో దారి ఉంది, కానీ ఆ జాతి భారతదేశానికి చెందనిదై ఉండాలి. బర్మా కొండచిలువ కూడా మన ఈశాన్య రాష్ట్రాల్లో సహజంగా ఉండేదే, కాబట్టి అదీ ఆ కోవలోకి రాదు.

మన చెరువుల్లో పరాయివి లేవా అంటే ఉన్నాయి, పాములు కావు. అక్వేరియంలోంచి బయటపడ్డ దెయ్యం చేప మత్స్యకారుల వలలను చింపుతోంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం నిషేధం ఉన్నా దొంగచాటుగా సాగుతూనే ఉంది. ఎర్ర చెవుల తాబేలును చిన్నప్పుడు కొని పెద్దయ్యాక చెరువులో వదిలేవాళ్లకు కొదవ లేదు. ఉదయసముద్రంలోనో కోయిల్‌సాగర్‌లోనో యువకులు ఒక ఆదివారం వీటిని తీసేద్దాం అనుకుంటే ఫ్లోరిడా నిబంధనలు అప్పుడు పనికొస్తాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కూ మన నాటు మార్పు చేపకూ తేడా తెలిసిన మనిషి పక్కన ఉండాలి. చెరువులో చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది, వాళ్లను అడగకుండా వల వేయడం దొంగతనం కిందికే వస్తుంది, అసలు ఆ నీళ్లు వాళ్లకంటే బాగా తెలిసినవాళ్లూ లేరు. పట్టినదాన్ని ప్రాణంతో ఇంకో కుంటకు మోసుకెళ్లకూడదు. ఎన్ని గంటలు వల వేశారో, ఎన్ని వచ్చాయో, ఎన్నిసార్లు వల ఖాళీగా వచ్చిందో రాసి మత్స్య శాఖకు ఇవ్వాలి.

అసలు మొదలు పెంపకం దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో బాల్ పైథాన్‌లు కొని సాకేవాళ్లు ఉన్నారు, అవి ఆఫ్రికా పాములు. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం (సైటిస్) జాబితాలో ఉన్న ఇలాంటి జంతువులను ఇంట్లో ఉంచుకుంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, పిల్లలు పుట్టినా, చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలియజేయాలి. ఫ్లోరిడాలో సాకలేని జంతువును శిక్ష లేకుండా తెచ్చి అప్పగించే ఏర్పాటు ఒకటుంది, దాని వల్ల ఎవరూ రాత్రిపూట చిత్తడిలో వదిలి పారిపోవాల్సిన అవసరం లేదు. ఇక్కడ కూడా అది కావాలి. నమోదు అంటే భయపడి పామును ఏ చెరువులోనో వదిలేస్తే నిబంధన తెచ్చిన ప్రయోజనమే పోతుంది.

పాములు పట్టే వాలంటీర్ల విషయంలో కేరళ మనకంటే ముందుంది. 2020 తర్వాత అక్కడ అటవీ శాఖ శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే పాములు పట్టనిస్తోంది. సర్ప అనే యాప్‌లో పాము కనిపించిందని పెడితే దగ్గర్లో ఉన్న సర్టిఫికెట్ రెస్క్యూయర్‌కు సమాచారం వెళ్తుంది, పట్టిన పామును ఎక్కడ వదిలారో కూడా అందులోనే రికార్డవుతుంది. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి పాములను కాపాడుతోంది. కానీ దేవరకొండలోనో, అచ్చంపేటలోనో, కొల్లాపూర్‌లోనో ఒక పల్లెలో పాము కనిపిస్తే అక్కడికి హైదరాబాద్ మనిషి చేరే లోపు కర్రలు చేరతాయి. మండలానికి ఇద్దరు శిక్షణ పొందినవాళ్లు, వాళ్ల నంబరు గ్రామ పంచాయతీ గోడ మీద, వాళ్లకు హుక్కు, సంచి, బూట్లు, బీమా, పెట్రోల్ ఖర్చు ఉండాలి. శిక్షణ కోతలు మొదలయ్యే ముందే అయిపోవాలి, అందులో హార్వెస్టర్ డ్రైవర్లను కూడా కూర్చోబెట్టాలి, ఎందుకంటే పొలంలో కొండచిలువను మొట్టమొదట చూసేది వాళ్లే, బండి ఆపాలా వద్దా అని ఆ క్షణంలో తేల్చేదీ వాళ్లే.